పచ్చ దీపం వెలిగిన చోట

మా పిన్ని ముందు ఎవరైనా "అబ్బా, ఏం చలి!" అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. శాలువా కప్పుకొని వణుకుతున్న మనిషిని కూడా వదిలిపెట్టదు. "దీన్ని చలి అంటారా? ఇది ఎండ!" అంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసా పట్టుకొని "వెచ్చగా ఉందే" అంటుంది. వేళాకోళం అనుకునేరు, కాదు. ఆమె ఉద్యోగం అలాంటిది. భౌతికశాస్త్ర పరిశోధనశాలలో హీలియం వాయువును ద్రవంగా మార్చే యంత్రాన్ని నడుపుతుంది. ఆ ద్రవంతో పోలిస్తే మంచుగడ్డ పొయ్యిలో నిప్పు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను చలిపిన్ని అనే పిలుస్తారు. నాకు మాత్రం సొంత పిన్ని. అమ్మ పోయాక నన్ను చంకనేసుకొని వచ్చి, పెళ్ళీ గిళ్ళీ అనకుండా పెంచింది.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. రోజంతా పక్కసీట్లో కూర్చొని, జనం నన్ను గోడకేసి కొట్టకుండా చూసుకోవడమే నా పని. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, అదే నా ప్రాణం. కంటికి కనిపించే గోడలతోనే ఇంత గొడవ పడుతుంటే, కనిపించని వాటి గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పిన్ని పనిచేసే చోట అందరూ అలాంటివాళ్ళే.

ఒక్కసారి మాత్రం అక్కడ నా నోరు మూతపడింది. చదువుకునే రోజుల్లో సెలవుల్లో పిన్ని వెంట వెళ్ళాను. ప్లాంటు గది నిండా గొట్టాలు, వాటి మీద తెల్లగా పట్టిన మంచు, మూలన ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ పెద్ద రబ్బరు సంచీ. పిన్ని ఒక గాజుపాత్రలో కుతకుతలాడుతున్న హీలియాన్ని చూపించి, దాన్ని ఇంకా చల్లబరిచింది. చూస్తూ ఉండగానే బుడగలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత కుతకుతా ఏమైపోయిందో తెలియదు, గాజులో అసలేమీ లేనట్టుంది. తర్వాత లోపల వేలాడుతున్న చిన్న గిన్నెలోంచి ఆ ద్రవం తనంతట తాను గోడ ఎక్కి, అంచు దాటి, అవతలివైపు దిగి, అడుగునుంచి చుక్కలు చుక్కలుగా రాలడం మొదలుపెట్టింది. నేను కళ్ళు నులుముకున్నాను.

"ఎవరు ఎక్కమన్నారు పిన్నీ దాన్ని?" అన్నాను.

"ఎవరూ అనలేదు. దాని స్వభావమే అంత" అంది. రోజూ చూసేదే అయినా ఆమె గొంతు కూడా తగ్గిపోయింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరం అలా నిలబడే ఉన్నాం.

పిన్నికి ఆ పని నేర్పినవాడు మేస్త్రీ. ప్లాంటుకి పెద్ద ఆయనే. పిన్ని ఆయన్ని అన్నా అనేది, ఆయన భార్యని వదినా అనేది. ఆ లెక్కన నాకు మావయ్య, అత్తయ్య. వాళ్ళకు పిల్లలు లేరు. మావయ్య భారీ మనిషి, నవ్వితే పొట్ట ముందు నవ్వేది. నాకు ఆయన మొహం సరిగ్గా గుర్తులేదు కానీ, నన్ను ఎత్తుకొని నోటితో సైరన్ మోత మోగించడం మాత్రం గుర్తుంది.

ఆ ప్లాంటు గదిలో ఒక అలవాటుండేది. లోకంలో మనం బొమ్మా బొరుసూ వేసే చోట వాళ్ళు ఒక పెట్టె వాడేవారు. చూడ్డానికి వచ్చే విద్యార్థుల కోసం సైంటిస్టులు తయారుచేసిన పెట్టె అది. మీట నొక్కితే లోపల కాంతి కణం ఒకే ఒక్కటి బయలుదేరుతుంది. దారిలో వాలుగా ఒక అద్దం ఉంటుంది. వచ్చిన కాంతిలో సగాన్ని అవతలికి వదిలి, సగాన్ని పక్కకు తిప్పే అద్దం. ఒక్క కణం సగం కాలేదు కదా, అందుకని అవతలికి పోతే ఎర్రదీపం, పక్కకు తిరిగితే పచ్చదీపం. ఏది వెలుగుతుందో ముందుగా చెప్పగల మొనగాడు ఎక్కడా లేడట. అలాంటి అద్భుతాన్ని వీళ్ళు టీ ఎవరు తేవాలో తేల్చుకోవడానికి వాడేవారు. ఎర్రది మేస్త్రీకి, పచ్చది పిన్నికి. మూడుసార్లు వరసగా ఎర్రది వెలిగితే మావయ్య "ఇది నా మీద పగబట్టిందమ్మాయ్" అనేవాడట.

ఒక ఆదివారం పూట, పైకప్పు దగ్గర గొట్టం మీద ఉన్న వాల్వు బుసబుసలాడింది. ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి బిగించాలి. మామూలు పనే. మావయ్య మీట నొక్కాడు. ఎర్రది వెలిగింది. "నాదే. నువ్వు టీ పెట్టు" అని రెంచి తీసుకొని ఎక్కాడు. హీలియం తేలిక, కారిందంతా కప్పు కింద చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనివ్వకుండా చేస్తున్నట్టు కూడా తెలియనివ్వదు. తల అందులోకి వెళ్ళగానే మనిషి దీపం ఆర్పినట్టు ఆగిపోతాడు. పిన్ని కప్పులు కడుగుతూ పడిన చప్పుడు విని వెనక్కి తిరిగింది. అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు ఆ గది గోడల మీద గాలిని కొలిచే మీటర్లు ఉన్నాయి. తేడా వస్తే చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. వాటిని పెట్టించడానికి పిన్ని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. పెట్టెకి గుడ్డ చుట్టి పై అరలో పెట్టింది. మళ్ళీ ఎవరూ నొక్కలేదు. ఆదివారం ఆదివారం అత్తయ్య ఇంటికి వెళ్ళడం మాత్రం ఇన్నేళ్ళలో మానలేదు. అత్తయ్యకు పెట్టె సంగతి మొదటిరోజే తెలుసు. పిన్నే చెప్పింది. అత్తయ్య ఒక్క మాట అనలేదు, అదే పిన్నికి మోయలేని బరువైంది.

కొన్నేళ్ళ తర్వాత ఆ పరిశోధనశాలకు ఒక మేడం వచ్చింది. పిన్ని కంటే చిన్నది. నడుస్తూ తింటుంది, తింటూ ఆలోచిస్తుంది, ఆలోచిస్తూ తిన్న ప్లేటు ఎక్కడో మరచిపోతుంది. హీలియం కోసం వచ్చినప్పుడు ఆమె పై అరలో పెట్టెను చూసి అదేమిటని అడిగింది. పిన్ని జరిగింది చెప్పి, ఇన్నేళ్ళుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగేసింది.

"ఆ రోజు పచ్చది ఏమైంది మేడం?"

మేడం చేతిలో ప్లేటు కింద పెట్టిందట. "మూడు జవాబులున్నాయి పిన్నీ" అంది. "మొదటిదేంటంటే, కాంతి రెండు దారుల్లోనూ ఉంటుంది, తర్వాత ప్రకృతి ఒకదాన్ని తుంచేస్తుంది. అలాగైతే పచ్చది ఇంకెక్కడా లేదు. రెండోది, ఏదీ తెగదు. రెండు దీపాలూ వెలుగుతాయి. ఎర్రది చూసిన మీరు ఒకరు, పచ్చది చూసిన మీరు ఇంకొకరు. ఇద్దరూ ఎప్పటికీ ఎదురుపడరు. మూడోది, కణం మొదటినుంచీ ఒక్క దారిలోనే పోయింది, కనపడని అల ఒకటి దానికి దారి చూపించింది."

"వీటిలో ఏది నిజం?"

"అదే కదా బాధ. మీరు జీవితాంతం ఆ మీట నొక్కి లెక్కపెట్టుకోండి, ఎర్రవెన్ని పచ్చవెన్ని అంటే మూడూ ఒకే లెక్క చెప్తాయి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్తున్నప్పుడు పిన్ని మొహం వెలిగిపోతోంది. నేను అన్నం కలుపుకుంటూ "కాకమ్మ కథలు. వాళ్ళకి పనీపాటా లేదు" అన్నాను.

"నువ్వు నోర్ముయ్యవే. నాకు ఆ రెండోది ఒక్కటి చాలు" అంది. "అక్కడ పచ్చది వెలిగింది, నేను ఎక్కాను. అన్న సాయంత్రం వదిన దగ్గరికి ఇంటికెళ్ళాడు. బతుకు ఇక్కడ నాకు, అక్కడ ఆయనకి. చెరి సగం పంచుకున్నట్టు. ఉన్నది ఈ ఒక్క లోకమే అయితే మొత్తం నేనే దోచుకున్నట్టు కాదూ?"

నోర్ముయ్యమంది కాబట్టి మూసుకున్నాను.

ఆ తర్వాత మేడం కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. మూడు కథల్నీ విడదీయడం ఎవరి తరమూ కాదట. కానీ ఒక్కదాన్ని పట్టుకునే దారి ఉందట. ప్రకృతి నిజంగానే తుంచేస్తుంటే, తుంచిన ప్రతిసారీ అతి చిన్న కుదుపు ఒకటి ఉండి తీరాలని కొందరి లెక్క. ఎవరూ చూడకపోయినా, ఏమీ తాకకపోయినా, ఆ కుదుపులకు వస్తువు కొద్దిగా వేడెక్కాలి. అందుకని వెంట్రుకకంటే సన్నని పుల్లనొకదాన్ని, పిన్ని పోసే హీలియం కంటే కూడా చల్లని చోట వేలాడదీసి, కారణం లేకుండా వేడి పుడుతుందేమో చూడాలి. పుడితే తుంచడం నిజం, పచ్చది పోయినట్టే. పుట్టకపోతే, ఆ కొలతకు అందేంత తుంపులు లేవన్నమాట.

ఇలాంటి ప్రయోగాల్లో వాళ్ళకొక పద్ధతి ఉంది. కొలిచేవాళ్ళకు తెలియకుండా ఎవరో ఒకరు ఆ పుల్ల పక్కన దొంగచాటుగా కొంచెం వేడి పెట్టాలి. ఎంత పెట్టారో చివరిదాకా చెప్పకూడదు. లేకపోతే కోరుకున్న జవాబు రాగానే మనిషి తెలియకుండానే కొలవడం ఆపేస్తాడట. తిప్పితే ఆ వేడిని పెంచే బిరడా ఒక రేకుపెట్టెలో ఉంటుంది. దానికి తాళం. ఆ తాళంచెవి జవాబుతో ఏ పట్టింపూ లేని మనిషి దగ్గర ఉండాలి. అలాంటి మనిషెవరా అని మీటింగులో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకొని, చివరికి గుమ్మం దగ్గర నిలబడ్డ పిన్ని వైపు తిరిగారు. "పిన్ని ఉందిగా! ఆవిడకేం పట్టింపు?" అన్నాడు ఒకాయన.

"పట్టింపు లేదని మీతో ఎవరన్నారు?" అంది పిన్ని. "ఈ గదిలో అందరికంటే నాకే ఎక్కువ. ఆ వేడి కనపడిందంటే మా అన్న ఇంకెక్కడా లేనట్టు. కనపడకూడదని పొద్దున లేస్తే దణ్ణం పెట్టుకుంటున్నాను. నా చేతికి మాత్రం ఇవ్వకండి. హీలియం పోస్తాను, అంతే. అంకెలు నాకు చూపించకండి."

ఆ గదిలో చాలామంది మావయ్య తర్వాత వచ్చినవాళ్ళు. వాళ్ళకు అప్పుడే తెలిసింది. పిన్నే మళ్ళీ అందుకుంది. "మా అక్క కూతురికివ్వండి. దానికి ఇవన్నీ గాలికబుర్లు. మీ అందర్నీ కలిపి తిడుతుంది."

అలా నాకు ఆ తాళంచెవి వచ్చింది. వెళ్ళిన రోజున కారు పెట్టుకోవడానికి చోటు లేదని గేటు దగ్గర ఒక గొడవ, బూట్లు విప్పమన్నందుకు లోపల ఇంకో గొడవ. తర్వాత ఆ గదిలో అడుగు పెట్టాను. గొడవపడే బుద్ధి దానంతటదే పోయింది. పెద్ద రాతిపలక గాలి నింపిన దిమ్మల మీద తేలుతోంది, వీధిలో లారీ పోయినా అదురు దాని దాకా రాకుండా. దానికి వేలాడుతూ మనిషెత్తు ఉక్కుపాత్ర. లోపల, పాత్రలో పాత్రలో పాత్ర లోపల, నేను చూడలేని చోట ఆ పుల్ల. మేడం నా చెవిలో చెప్పింది. "నక్షత్రాల మధ్య ఖాళీలో కూడా ఇంత చలి ఉండదు."

మా ఇంటినుంచి రెండు బస్టాపుల దూరంలో, పిన్ని అన్నం డబ్బా కట్టుకొని పోయే చోట, ఆకాశంకంటే చల్లని పిడికెడు జాగా ఉంది. అక్కడ ఒక పుల్ల ఒంటరిగా, ఏమీ తగలకుండా, లోకం ఒకటా ఎన్నా అన్నది తేలడం కోసం వేచి ఉంది. ఇన్నాళ్ళూ వీళ్ళని ఏమేం అన్నానో తలుచుకొని నాలుక కరుచుకున్నాను.

రేకుపెట్టె ఉన్న తెర వెనక్కి నన్నొక్కదాన్నే పంపారు. బిరడా చుట్టూ సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. నాకు తెలిసింది గేర్లే కనక నాలుగులో పెట్టాను. పెట్టెకి తాళం వేసి, చెవిని కారు తాళాల గుత్తికి తగిలించుకున్నాను.

నెలలు గడిచాయి. పిన్ని ఒక్కసారి కూడా అడగలేదు. గుత్తి బల్లమీద పెడితే అటువైపు చూడకుండా కూర వడ్డించేది. నేను "నాలుగు" అనే మాట వాడకుండా సంసారం నడిపాను. "నాలుగు రోజులాగి రండి" అనడానికి బదులు "కొన్నాళ్ళాగి రండి" అంటుంటే, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు నాకేదో అయిందనుకున్నారు.

అలాంటి ఒక ఆదివారం, బస్సులు లేవని నేనే పిన్నిని అత్తయ్య ఇంటికి తీసుకెళ్ళాను. మామూలుగా గుమ్మంలో దింపి పోతాను, ఆ రోజు లోపలికి వెళ్ళాను. మాటల్లో ప్రయోగం సంగతి వచ్చింది. పిన్ని తన పచ్చదీపం లోకం గురించి అత్తయ్యకు ఎప్పుడో చెప్పుకుందని నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్య బఠాణీలు వలుస్తూ తాపీగా అంది, "అక్కడ ఈ పిల్ల మా ఇంట్లోనే పెరిగి ఉంటుంది."

"నేనా?" అన్నాను.

"మరి? మీ పిన్ని లేకపోతే నీకెవరున్నారు? ఆయన నిన్ను వదిలేస్తాడా? ఆ సాయంత్రమే ఎత్తుకొచ్చేసేవాడు. అదిగో, ఆ గది నీదయ్యేది" అని గింజలున్న చేత్తోనే చూపించింది.

పక్కనే మూసి ఉన్న తలుపు. ఎన్నోసార్లు చూసిందే, సామాన్లగది అనుకున్నాను. లేచి నెట్టాను. ఒక మంచం, పాత కుట్టుమిషను, వీధివైపు బిగుసుకుపోయిన కిటికీ. ఆ కిటికీ దగ్గర కూర్చొని జడ వేయించుకుంటున్న ఒక చిన్నపిల్ల నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆ పిల్లకు నా మొహమే. బయట పొట్ట కదిలేలా నవ్వుతూ మావయ్య. ఆ పిల్ల అత్తయ్యను అమ్మా అని పిలుస్తోంది. పిన్ని అని పిలవడానికి మాత్రం ఎవరూ లేరు.

పిన్ని చెరి సగం అంటున్నప్పుడల్లా నేను నవ్వాను కానీ, అక్కడ నిచ్చెనమీంచి పడేది ఎవరో ఒక్కసారీ ఆలోచించలేదు. నాకు ఆ లోకం వద్దు. ఎర్రది ఒక్కటే వెలగాలి, పచ్చది పుట్టనే కూడదు, మా పిన్ని ఎక్కడా ఏ నిచ్చెనా ఎక్కకూడదు. పట్టింపు లేదని తాళంచెవి ఇచ్చారు, ఇప్పుడు ఈ ఊళ్ళో నాకంటే పట్టింపున్న మనిషి లేడు. ఆ మర్నాడే వెళ్ళి మేడంతో చెప్పేశాను. ఆమె "బిరడా తిప్పేనాటికి పట్టింపు లేదుగా. అది చాలు. ఇంక మీరేం కోరుకున్నా ఆ పుల్లకి వినపడదు" అంది.

తెరిచే రోజు పిన్ని పనిబట్టల్లో వచ్చి మూలన నిలబడింది. నేను ఈ మూలన. ఒకరం వేడి వద్దని, ఒకరం కావాలని. ముందు మేడం తమ కొలత చదవాలి, తర్వాత నేను పెట్టె తీయాలి. బిరడా అంకె కంటే కొలత ఎక్కువ వస్తే, ఆ ఎక్కువే తుంపుల వేడి.

"మా కొలత ప్రకారం బిరడా నాలుగు దగ్గర ఉండాలి" అంది మేడం. "నాలుగుకి తక్కువ ఉంటే మాత్రం, మిగతా వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు తెలీదు."

తాళం రెండోసారికి గానీ రాలేదు. మూత తీసి పక్కకు జరిగాను. నాలుగు. నెలల క్రితం నా వేళ్ళు తిప్పినంతే. అంత చలిలో, అంత చీకట్లో, ఒక పిసరు కూడా ఎక్కువ లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓడినట్టూ లేరు, గెలిచినట్టూ లేరు. తెరిచిన పెట్టె చుట్టూ గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

"అంటే ఉన్నట్టేనా మేడం? పచ్చది?" అంది పిన్ని.

"ఉందని కాదు పిన్నీ. తుంచే కత్తి ఇంత పెద్దదైతే కాదు, అంతే తేలింది. ఇంకా చిన్నదేమో వెతుకుతాం. అదీ లేకపోతే మిగిలిన కథలన్నీ ఒకే లెక్క చెప్తాయి. అప్పుడిక ఏ ప్రయోగమూ విడదీయలేదు."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "లేదని అనలేదుగా. చాలు" అంది.

కారులో ఇంటికి బయలుదేరాం. దారిలో నేనే అత్తయ్య చూపించిన గది గురించీ, నేను కోరుకున్నదాని గురించీ చెప్పేశాను. "నీ చెరి సగంలో నా వాటా నువ్వు అడగలేదు పిన్నీ. అక్కడి పిల్లకి పిన్ని పోయింది. నాకొద్దు ఆ లోకం" అన్నాను.

పక్కసీట్లో పిన్ని నా బ్రేకు మీద కాలు వేసింది. కారు ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ బ్రేకు తొక్కడం అదే మొదటిసారి. నా తల దగ్గరకు తీసుకొని, చాలాసేపు వదల్లేదు. ఆమె చేతులెప్పుడూ చల్లగానే ఉంటాయి.

"అక్కడ దాన్ని అన్న చూసుకుంటాడే. ఆ విషయంలో నాకు బెంగ లేదు" అంది చివరికి. "ఇక్కడ వదిననే ఎవరూ చూసుకోవట్లేదు. నేను ఆదివారానికొకసారి పోయి వస్తున్నాను, అంతే."

కారు అటే తిప్పాను. అత్తయ్య తలుపు తీసి, ఆదివారం కాకుండా వచ్చామేమిటా అని కంగారుపడింది. పిన్ని జరిగింది చెప్పింది.

"ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?" అంది అత్తయ్య.

"బహుశా ఎప్పటికీ తెలియదట అత్తయ్యా" అన్నాను. అని, నేరుగా ఆ గదిలోకి వెళ్ళాను. బిగుసుకుపోయిన కిటికీ రెక్కను భుజంతో నెడితే వచ్చింది. వీధిలో వెలుతురు మంచం మీద పడింది. దుప్పటి ఎక్కడుందని అక్కడినుంచే కేకేశాను.

"దేనికే?" అంది అత్తయ్య.

"నా గది అన్నావుగా" అన్నాను.